డీఎన్‌ఏ రిపోర్టులో "సౌత్ ఇండియా ఇంత శాతం" అని ఉంటే దాన్ని ఎలా చదవాలి

క్లుప్తంగా

ఉమ్మి పంపించి చేయించుకునే వంశం టెస్టులో వచ్చే శాతాలు రక్తంలో కొలిచి చెప్పినవి కావు, ఆ కంపెనీ దగ్గర ఉన్న శాంపిళ్లలో ఎవరితో ఎక్కువ పోలిక కుదిరిందో చెప్పే అంచనాలు. ఆ శాంపిళ్లలో తెలుగు వాళ్లు తక్కువ. దానికి తోడు తరతరాలుగా సొంత కులంలోనే, చాలా ఇళ్లల్లో మేనరికంలోనే పెళ్లిళ్లు జరిగాయి కాబట్టి అమెరికన్లు చదువుకున్నట్టు మనవాళ్లు ఆ రిపోర్టు చదివితే తప్పు అర్థాలు వస్తాయి. ఒకటి రెండు శాతం కనిపించే దూరదేశాలకి పెద్దగా విలువ లేదు, చుట్టాల లిస్టులో చూపించే వరసలు కూడా మన విషయంలో ఉన్నదానికంటే దగ్గరగా పడతాయి.

తికమక ఎక్కడ మొదలవుతోంది

గుంటూరు, విజయవాడల్లో అమెరికాలో పిల్లలు లేని వీధి దొరకడం కష్టం, అక్కడ థాంక్స్‌గివింగ్ సేల్‌లో కిట్టు కొనుక్కుని టెస్టు చేయించుకున్న కొడుకో కోడలో ఆ రిపోర్టు స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఇక ప్రశ్నలు మొదలు. బ్రాడీపేటలో ఉన్న పెదనాన్న మనం ఎక్కణ్ణుంచో వలస వచ్చామని మా తాత చెప్పేవాడు, చూశారా ఇరాన్ ఒక శాతం ఉంది అంటాడు, పటమటలో ఉన్న పిన్ని మరి అన్నకి వచ్చింది చెల్లికి ఎందుకు రాలేదు అని అడుగుతుంది, ఏడాది తర్వాత అదే యాప్ తెరిస్తే అసలు ఇరానే ఉండదు, ఇంకేదో ఉంటుంది. ఈ మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. మూడింటికీ జవాబు ఆ శాతం తయారయ్యే పద్ధతిలోనే ఉంది.

ఉమ్మి నుంచి శాతం దాకా

మనిషి జీనోములో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, దాదాపు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి, ఏ ఇద్దరిని తీసుకున్నా వెయ్యికి 999 దాకా ఒకటే. కంపెనీలు మొత్తం చదవవు, మనుషుల మధ్య తేడాలు వచ్చే చోట్లు అని ముందే తెలిసిన ఆరేడు లక్షల స్థానాలని ఒక చిప్ మీద చదువుతాయి. ఆ ధరలో అయ్యే పని అదే, అందులో మోసం ఏమీ లేదు, ఈ చదవడం దాకా తప్పులు కూడా చాలా తక్కువ.

శాతం వచ్చేది దాని తర్వాత మెట్టులో. 23 జతల క్రోమోజోములని సాఫ్ట్‌వేర్ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కని కంపెనీ దగ్గర ఉన్న రిఫరెన్స్ ప్యానెల్‌తో పోల్చి చూస్తుంది. రిఫరెన్స్ ప్యానెల్ అంటే తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ నలుగురూ ఒకే ప్రాంతం వాళ్లని తేలిన మనుషుల డీఎన్‌ఏ. ఈ ముక్క ఏ గుంపు వాళ్ల ముక్కలకి దగ్గరగా ఉందో చూసి దానికి ఆ పేరు పెట్టేస్తుంది, చివర్లో ఏ పేరుకి ఎన్ని ముక్కలు వచ్చాయో కూడి శాతం చేస్తుంది.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు చూసి రకం చెప్పేవాళ్లు ఉంటారు, కాయ పొడుగు, రంగు, తొక్క చూసి ఇది తేజ, ఇది 334, ఇది 341, ఇది బ్యాడిగి అనేస్తారు, కానీ జీవితంలో ఆ నాలుగు రకాలే చూసిన మనిషి ముందు ఐదో రకం పోస్తే అతను దాన్ని కూడా ఆ నాలుగింట్లో దేనికి దగ్గరగా ఉంటే దాంట్లోనే వేస్తాడు, అతని కన్ను మంచిదే, చూసిన రకాలే తక్కువ. సాఫ్ట్‌వేర్ పరిస్థితి కూడా ఇదే. ప్యానెల్లో లేని గుంపు పేరు రిపోర్టులో రాదు, ఉన్న పేర్లలోనే సర్దాలి. కొన్ని కంపెనీలు తేల్చుకోలేని ముక్కలకి బ్రాడ్లీ సౌత్ ఏషియన్ అనో, అన్‌ఎసైన్డ్ అనో పెడతాయి, చూసేవాళ్లకి అది సగం చేసి వదిలేసిన పనిలా అనిపిస్తుంది కానీ రిపోర్టు మొత్తం మీద నిజాయితీగా చెప్పిన మాట అదే.

తెలుగు శాంపిల్ తీసింది యూకేలో

మన రిపోర్టులు ఎందుకు మొద్దుగా ఉంటాయో అర్థం కావాలంటే ప్యానెల్‌లోకి తొంగి చూడాలి. ప్రపంచంలో అందరికీ అందుబాటులో ఉన్న జీనోము డేటాలో బాగా పేరున్నది 1000 జీనోమ్స్ ప్రాజెక్ట్, 2015లో వచ్చిన దాని చివరి దశలో 26 జనాభాలకి చెందిన 2,504 మంది ఉన్నారు. అందులో తెలుగు వాళ్లూ ఉన్నారు, 102 మంది. వాళ్ల శాంపిళ్లు గుంటూరులోనో వరంగల్లోనో తీసినవి కావు, యూకేలో స్థిరపడ్డ తెలుగు వాళ్ల దగ్గర తీసినవి. గుజరాతీలవి హ్యూస్టన్‌లో తీశారు, శ్రీలంక తమిళులవి కూడా యూకేలోనే. యూకే దాకా వెళ్లి స్థిరపడినవాళ్లలో మాచర్ల నుంచి మచిలీపట్నం దాకా ఉన్న అన్ని కులాలూ, కొండ మీద చెంచు గూడేలూ సమానంగా ఉండవు కదా. పరిశోధనకి ఆ డేటా ఎంతో పనికొచ్చింది, కాదనలేం, కానీ తెలుగు వాళ్లంటే వీళ్లే అని యంత్రానికి నేర్పడానికి అది సరిపోదు.

కంపెనీలు సొంత కస్టమర్ల డేటాని కూడా ప్యానెల్లో కలుపుకుంటాయి. ఆ కస్టమర్లలో ఎక్కువ మంది యూరప్ మూలాలున్న అమెరికన్లు, అందుకే ఐర్లాండ్ లాంటి చిన్న దేశాన్ని కౌంటీల దాకా విడగొట్టి చూపించగలుగుతున్నారు. ఇటు చూస్తే 23అండ్‌మీ అనే కిట్టు కంపెనీలో ఏళ్ల తరబడి సదరన్ ఇండియన్ అండ్ శ్రీలంకన్ అని ఒక పెద్ద గంప ఉండేది. కోట్లాది మంది తెలుగు, తమిళ, కన్నడ, సింహళ జనం దాంట్లోనే.

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది ప్యానెల్ పెంచినంత మాత్రాన పోదు. యూరప్‌లో డీఎన్‌ఏ తేడాలు ఎక్కువగా మ్యాపుని బట్టి వస్తాయి, పక్క ఊరు వాళ్లు దగ్గర, దూరదేశం వాళ్లు దూరం. ఇక్కడ మ్యాపుతో పాటు పెళ్లిళ్ల కట్టుబాటు కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే ఊళ్లో పక్కపక్క వీధుల్లో ఉండే రెండు కులాల మధ్య డీఎన్‌ఏ తేడా, ఉత్తర యూరప్‌కీ దక్షిణ యూరప్‌కీ మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువ ఉండే సందర్భాలు మన దేశంలో మామూలే. మ్యాపు మీద రంగు పూసి ఇది మీ ప్రాంతం అని చూపించే పద్ధతి యూరప్‌ని చూసి కుట్టిన చొక్కా, మన ఒంటికి అతకదు.

దేశంలో డేటా లేకపోలేదు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 83 జనసమూహాల నుంచి దాదాపు పదివేల మంది జీనోములు పూర్తిగా చదివారు, హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు ఐఐఎస్సీ లాంటి సంస్థలు ఇందులో ఉన్నాయి, 2025 జనవరిలో ఆ డేటాని ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ ద్వారా పరిశోధకులకి తెరిచారు. అయితే అది పరిశోధన కోసం, అనుమతి తీసుకుని వాడుకునే డేటా, రేపే అమెరికా కిట్టు ప్యానెల్లోకి వచ్చి చేరేది కాదు.

ఒక శాతం యూరప్, మచిలీపట్నం డచ్చివాళ్లు

కృష్ణా తీరం వాళ్ల రిపోర్టులో ఒక శాతం నార్త్‌వెస్ట్ యూరప్ అని వస్తే వెంటనే తట్టే కథ మచిలీపట్నం. కథకి ఆధారం లేకపోలేదు, డచ్చివాళ్లు 1605లోనే బందరులో వ్యాపారం పెట్టారు, ఇంగ్లీషు వాళ్లు 1611లో వచ్చారు. అయితే లెక్క వేసి చూస్తే అతకదు. తరానికి పాతికేళ్లు అనుకుంటే 1605 నుంచి ఇప్పటికి పదహారు తరాలు పైన, సరే తరానికి ముప్ఫై ఏళ్లు వేసినా పద్నాలుగు. తరం తరానికి ఒక పూర్వీకుడి వాటా సగం అవుతుంది, పద్నాలుగు తరాల కిందటి ఒక్క మనిషి వాటా సగటున 16,384లో ఒక వంతు, అంటే 0.006 శాతం. నిజానికి అంత దూరంలో ఉన్న పూర్వీకుల్లో చాలామంది నుంచి ఇప్పటి మనిషికి ఒక్క ముక్క కూడా అందదు. ఒక శాతం ఒకే మనిషి నుంచి రావాలంటే ఆ మనిషి ఆరేడు తరాల కిందట, ఇంచుమించు రెండొందల ఏళ్లలోపు ఉండాలి, అది ఈస్టిండియా కంపెనీ పాలన కాలం అవుతుంది కానీ డచ్చి కొట్ల కాలం కాదు. అలాంటి పూర్వీకులు ఉన్న కుటుంబాలు లేవని కాదు, ఉంటే ఆ ఆనవాలు అన్నదమ్ముల్లో, బాబాయి పిల్లల్లో కూడా పొడుగాటి ముక్కలుగా కనబడుతుంది. ఒక్కరికే, ఒక్క కంపెనీలోనే కనబడిందంటే అది ఎక్కువసార్లు యంత్రం సర్దుబాటు.

ఇరాన్, సెంట్రల్ ఏషియా అని వచ్చేది ఇంకో రకం. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం దక్షిణాసియా జనంలో కలిసిన పాత ధారలు ముఖ్యంగా మూడు, ఇక్కడి అతి పాత వేటగాళ్లది ఒకటి, ఇరాన్ వైపు జనంతో దగ్గరి సంబంధం ఉన్నది ఒకటి, మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి వచ్చింది ఒకటి, ఎవరిలో ఏది ఎంత అన్నదే తేడా. ఆ పాలు వేల ఏళ్ల కిందటివి. ఇప్పటి ఇరాన్ వాళ్లలో కూడా అదే పాత ధారకి దగ్గరివి ఉన్నాయి కాబట్టి ఒకటి రెండు ముక్కలు అటు పడతాయి. దానికి ముత్తాత ఇరాన్ నుంచి గుర్రమెక్కి రానక్కర్లేదు.

అందుకే శాతం పక్కన ఇచ్చే రేంజి చూడాలి, చాలామంది అక్కడ నొక్కి కూడా చూడరు. ఏన్సెస్ట్రీ డీఎన్‌ఏ అనే ఇంకో కంపెనీ రిపోర్టులో ఒక ప్రాంతం మీద నొక్కితే ఇంత నుంచి ఇంత దాకా అని వస్తుంది, ఆ రేంజి సున్నా నుంచి మొదలైతే అసలు లేకపోవచ్చు అని కంపెనీయే చెప్తున్నట్టు. 23అండ్‌మీలో నమ్మకం స్థాయిని 50 నుంచి 90 శాతానికి పెంచి చూసే వీలు ఉంది, పెంచగానే చిన్న చిన్న దేశాలు మాయమైపోతాయి.

అన్నకి ఉన్నది చెల్లికి ఎందుకు లేదు

అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది, కానీ ఏ సగం అన్నది ఒక్కో బిడ్డకి ఒక్కోలా. తోడబుట్టిన వాళ్ల మధ్య సగటున సగమే కలుస్తుంది. తాతయ్యది, నాయనమ్మది చెరి పాతిక శాతం అనుకుంటాం గానీ ఒక మనవడికి తాతయ్యది 30, నాయనమ్మది 20 రావొచ్చు, చెల్లెలికి అటూ ఇటూ అవ్వొచ్చు. తండ్రి ఐరిష్, తల్లి సగం ఇటాలియన్ అయిన అమెరికన్ ఇంట్లో అన్నాచెల్లెళ్ల శాతాలు తేడాగా రావడానికి ఇది అసలైన కారణం.

గుంటూరు ఇంటికి మాత్రం ఈ జవాబు సగమే వర్తిస్తుంది. నాలుగు వైపులా తాతముత్తాతలు ఒకే కులం, ఒకే రెండు మూడు తాలూకాల వాళ్లయితే ఏ ముక్క ఎటు నుంచి వచ్చినా దాని మీద పడాల్సిన పేరు ఒకటే. అలాంటి ఇంట్లో అన్నకి సౌత్ ఇండియా 97, చెల్లికి 91 వచ్చాయనుకుందాం, ఆ ఆరు శాతం తేడా పూర్వీకుల తేడా కంటే ఎక్కువగా పేరు పెట్టడంలో వచ్చిన ఊగిసలాట. కెనడా సీబీసీ టీవీ 2019లో అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే కవలల శాంపిళ్లని ఐదు కంపెనీలకి పంపిస్తే, ఇద్దరి డీఎన్‌ఏ ఇంచుమించు ఒకటే అయినా ఒకే కంపెనీ ఇద్దరికీ వేరే శాతాలు ఇచ్చింది, కంపెనీకీ కంపెనీకీ మధ్య ఇంకా తేడా.

ఏడాదికోసారి అంకెలు మారడానికి కారణం కూడా ఇదే, ప్యానెల్లో కొత్త మనుషులు చేరతారు, లెక్క కట్టే పద్ధతి మారుతుంది, పాత ముక్కలకి కొత్త పేర్లు పడతాయి. ఉమ్మి అదే, చదివిన అక్షరాలూ అవే.

మేనరికం, చుట్టాల లిస్టు

రిపోర్టులో శాతాల కంటే గట్టి భాగం డీఎన్‌ఏ మ్యాచ్ లిస్టు. ఇద్దరు మనుషుల మధ్య అచ్చంగా ఒకేలా ఉన్న పొడుగాటి ముక్కలని వెతికి, వాటి పొడవుని సెంటీమోర్గాన్లలో కూడి, మీకు ఈమె రెండో వరస కజిన్ అయ్యుండొచ్చు అని చెప్తారు. దీనికి ప్యానెల్ అక్కర్లేదు, నేరుగా మనిషికీ మనిషికీ పోలిక. అమ్మ, నాన్న, తోడబుట్టినవాళ్లు, మేనమామ, పెదనాన్న పిల్లల దాకా ఇది బాగా నమ్మదగ్గదే. దత్తత వెళ్లిన వాళ్లు కన్నవాళ్ల వైపు చుట్టాలని కనుక్కుంటున్నది దీంతోనే.

దూరపు వరసలకి వచ్చేసరికి మన దగ్గర లెక్క తప్పుతుంది. ఆ సెంటీమోర్గాన్ల పట్టికలు బయట సంబంధాలు చేసుకునే సమాజాలని చూసి వేసినవి. దేశంలో మేనరికాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మేనబావ, మరదలు పెళ్లి చేసుకుంటే పుట్టిన పిల్లలకి ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది ఉండాల్సిన చోట ఆరుగురే ఉంటారు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఇంకా దగ్గర, తండ్రి తల్లిదండ్రులే తల్లికి అమ్మమ్మ తాతయ్యలు, అంటే ఆ ఇద్దరూ పిల్లలకి ఒక వైపు నుంచి తాత నాయనమ్మ, ఇంకో వైపు నుంచి ముత్తాత ముత్తవ్వ. ఇది రెండు మూడు తరాలు జరిగితే కుటుంబ వృక్షం పైకి వెళ్లేకొద్దీ విప్పారదు, మళ్లీ మళ్లీ అవే పేర్ల దగ్గరికి వచ్చి కలుస్తుంది.

దాని ఫలితం లిస్టులో ఇలా కనబడుతుంది. ముత్తాత తండ్రి దగ్గర కలిసే మూడో వరస కజిన్లు సగటున 70 పైచిలుకు సెంటీమోర్గాన్లు పంచుకుంటారు, ముత్తాత దగ్గర కలిసే రెండో వరస వాళ్లు 230 దాకా. తెనాలిలో ఒకాయన, న్యూజెర్సీలో ఒకావిడ మూడు వేరువేరు దారుల్లో మూడో వరస అయ్యారనుకుంటే, మూడు డెబ్బైలు కలిసి 210 దాటుతుంది, కంపెనీ ఠక్కున రెండో వరస అనేస్తుంది, ఇక ఇద్దరూ కూర్చుని లేని ఉమ్మడి ముత్తాత కోసం వెతుకుతారు. ఇలాంటప్పుడు మొత్తం కంటే అన్నిటికన్నా పొడుగు ముక్క ఎంతుందో చూడటం మేలు, దగ్గర చుట్టరికంలో పెద్ద ముక్కలు ఉంటాయి, పాత చుట్టరికాలు చాలా దారుల్లో కలిస్తే చిన్న ముక్కలే బోలెడు ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి వేలు విడిచిన మేనమామలతో సహా వంశవృక్షం రాసుకుంటే ఆ లిస్టు సగం విడిపోతుంది, యాప్ ఒక్కటే చూసుకుంటే విడిపోదు.

ఇదే విషయం ఆరోగ్యం వైపు చాలా బరువైనది. సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ కలిసి 2009లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 25 గుంపుల నుంచి 132 మందిని చూశారు, అందులో మన వైశ్యుల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచే జనాభా అంతా పెరిగిన ఆనవాలు, బయటి పెళ్లిళ్లు దాదాపు లేకుండా వంద తరాల పైన సాగిన ఆనవాలు కనబడ్డాయి. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన తరువాతి పనిలో 263 గుంపుల్ని చూస్తే 81 గుంపుల్లో ఈ రకం ఇరుకు, దానికి పేరుపడ్డ యూరప్ మూలాల అష్కెనాజీ యూదుల కంటే, ఫిన్లాండ్ వాళ్ల కంటే గట్టిగా ఉంది, పది లక్షలు దాటిన జనాభా ఉన్న గుంపులు కూడా వాటిలో 14. మనిషి సంఖ్య ఎక్కువైనా మూలం ఇరుకైతే కొన్ని అరుదైన జబ్బులు అక్కడ అరుదు కావు. వైశ్యుల్లో సూడోకోలినెస్టరేస్ ఎంజైమ్ లోపం మిగతా వాళ్ల కంటే చాలా ఎక్కువ, ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా నిమిషాల్లో దిగిపోవాల్సింది వీళ్లలో గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ముందే తెలిస్తే డాక్టర్ వేరే మందు వాడతాడు, ప్రమాదమే ఉండదు. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకి చెప్పడం, హాస్పిటల్లో కోలినెస్టరేస్ రక్త పరీక్ష చేయించడం దారి, వంశం కిట్టు కాదు. కిట్టు శాతాల పేజీలో సౌత్ ఇండియా అని రాసి ఉండే ఆ ఒక్క గీత వెనకాల ఇంత సంగతి ఉందని తెలియనే తెలియదు.

కులం, గోత్రం, ఆర్య ద్రావిడ

రిపోర్టులో వీటిలో ఏదీ రాయరు, కానీ గ్రూపుల్లో చర్చ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, వై క్రోమోజోమ్ కూడా అంతే, కాబట్టి వై క్రోమోజోమ్ శాఖ ఆర్1ఏ వస్తే ఫలానా కులం, హెచ్ వస్తే ఫలానా కులం అని పట్టికలు చక్కర్లు కొడతాయి. ఈ వంశ శాఖలు దాదాపు అన్ని కులాల్లోనూ పాళ్లు మారుతూ కనిపిస్తాయి, ఒకే గోత్రం వాళ్లకి వేరే శాఖలు ఉంటాయి, దత్తతలు, ఇల్లరికాలు జరిగిన చోట ఇంటిపేరు ఒక దారి, వై క్రోమోజోమ్ ఒక దారి. పది తరాలు వెనక్కి వెళ్తే 1,024 స్థానాల్లో పూర్వీకులు ఉంటారు, వై క్రోమోజోమ్ చెప్పేది వాళ్లలో ఒక్కరి గురించి. ఒక్కరిని పట్టుకుని మొత్తం మనిషికి కులమో జాతో అంటగట్టడం సైన్సు కాదు.

ఉత్తరాది, దక్షిణాది పాత ధారల సంగతి కూడా 2009 అధ్యయనమే తేల్చింది (పైన చెప్పిన మూడు ధారల లెక్క రాకముందు రెండుగానే లెక్కేశారు), దాదాపు అన్ని గుంపులూ రెండింటి మిశ్రమమే, ఎక్కువ గుంపుల్లో ఉత్తరాది ధార పాలు 39 నుంచి 71 శాతం మధ్య. 2013లో వచ్చిన ఇంకో పని ప్రకారం ఈ కలయిక ఎక్కువగా 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట జరిగింది, ఆ తర్వాతే గుంపులు తమలో తాము పెళ్లిళ్లకి బిగుసుకున్నాయి. అంటే ఇప్పుడు కలవకూడదు అనుకునేవాళ్ల పూర్వీకులు ఒకప్పుడు విచ్చలవిడిగా కలిసినవాళ్లే. కిట్టు శాతాలకి ఈ లోతు అందదు, అవి ఇప్పుడు బతికున్న మనుషుల ప్యానెల్‌తో పోల్చి చెప్పేవి, వాటిలో ఆర్య ద్రావిడ లెక్కలు వెతకడం దండగ.

డేటా ఎవరి చేతిలో

2006లో మొదలైన 23అండ్‌మీలో 2023లో దొంగలు చొరబడి దాదాపు 69 లక్షల మంది వివరాలు ఎత్తుకుపోయారు. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, చివరికి దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆన్ వొజిస్కీ నడిపే లాభాపేక్ష లేని సంస్థ 30.5 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. కోటిన్నర మంది డీఎన్‌ఏ ఎవరి చేతికి పోతుందో తెలియక కొన్ని నెలలు కస్టమర్లు కంగారు పడాల్సి వచ్చింది.

ఇది ఉమ్మిన వాళ్ల ఒక్కరి సొంత విషయం కూడా కాదు. అమెరికాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్ అని పేరుపడ్డ నేరస్థుణ్ణి 2018లో పట్టుకుంది అతని డీఎన్‌ఏ వెబ్‌సైట్లో ఉండటం వల్ల కాదు, అతని దూరపు చుట్టాలు వంశం వెబ్‌సైట్లలో పెట్టుకున్న డేటా వల్ల. నేరస్థుడు దొరకడం మంచిదే, కానీ అదే దారిలో డాలస్‌లో ఉన్న మనవడి టెస్టు నుంచి అరండల్‌పేటలో ఉన్న తాతయ్య గురించి, ఆయన ఎవరికీ చెప్పని సంగతులతో సహా, చాలా తెలుసుకోవచ్చు. టెస్టు చేయించేముందు ఇంట్లో ఒక మాట అనుకోవడం అందుకే అవసరం, తేలిన తర్వాత ఏ వార్త వచ్చినా అది ఇంటిల్లిపాదికీ వచ్చినట్టే.

ఇప్పటికే చేయించుకున్న వాళ్లు సెట్టింగ్స్‌లో మూడు చోట్లు చూసుకోవాలి, డీఎన్‌ఏ మ్యాచింగ్, రీసెర్చ్ అనుమతి, శాంపిల్ దాచి ఉంచే అనుమతి, మూడూ విడివిడిగా ఉంటాయి, ఒకటి ఆపితే మిగతావి ఆగవు. అకౌంట్ తీసేయాలనుకుంటే ముందు రా డేటా ఫైలు (చిప్ చదివిన అక్షరాలు ఉండేది) దింపుకుని దాచుకోవాలి, తీసేశాక మళ్లీ దొరకదు. రీసెర్చ్ అనుమతి ఇచ్చి ఉంటే అప్పటికే అధ్యయనాల్లోకి వెళ్లిపోయిన డేటా అకౌంట్ తీసేసినా వెనక్కి రాదు.